‘పారిపోవచ్చు కదా’ అనే ముందు

ప్రశ్న: మా ఆఫీసులో ఒకామె ఇస్తే, ఆస్ట్రియాకు చెందిన నటాషా కాంపుష్ రాసిన ‘3096 రోజులు’ ఇంగ్లీషు అనువాదం చదవడం మొదలుపెట్టాను. పదేళ్ల పిల్లను బడికి వెళ్లే దారిలో ఎత్తుకుపోయి ఎనిమిదేళ్లకు పైగా నేలమాళిగలో బంధించిన కథ అని ముందే తెలుసు. మా అమ్మాయికీ ఇప్పుడు పదేళ్లే. సగం చదివేసరికి నాకు నిద్ర కరువైంది. బడి బస్సు ఆగే సందు చివరిదాకా ఇన్నాళ్లూ ఒక్కతే వెళ్లిన పిల్లను ఇప్పుడు చెయ్యి పట్టుకుని తీసుకెళ్తున్నాను. ఇంకో సంగతి రాయడానికి సిగ్గుగా ఉంది. వాడు ఆమెను దుకాణాలకూ, ఒకసారి మంచు కొండలకూ తీసుకెళ్లాడని చదివినప్పుడు నాకు ఆమె మీదే కోపం వచ్చింది. అప్పుడు అరవచ్చు కదా, పారిపోవచ్చు కదా అనిపించింది. వాడు చచ్చాడని తెలిసి ఆమె ఏడ్చిందని ఎవరో చెప్పగానే పుస్తకం మూసేశాను. మా వారు ‘ఎవరి బాధో తెచ్చుకుని నెత్తిన పెట్టుకోవడం ఎందుకు’ అంటున్నారు. మిగతా సగం చదవాలా, తిరిగి ఇచ్చేయాలా? — ఒక పాఠకురాలు, విజయనగరం

సమాధానం:

అమ్మా,

పుస్తకం అప్పుడే తిరిగి ఇవ్వకండి. అలాగని ఈ రాత్రే కూర్చుని పూర్తి చేయమనీ అనను. ఒక వారం దాన్ని బీరువా పై అరలో పెట్టండి. ఈలోగా మీరు సిగ్గుపడుతూ రాసిన ఆ కోపం గురించి మాట్లాడుకుందాం. మీ నిద్ర చెడగొడుతున్నది భయం ఒక్కటే కాదని మీ ఉత్తరం చూస్తే నాకనిపించింది.

ముందు నా సంగతి చెబుతాను. ఈ పుస్తకాన్ని మొదటిసారి పట్టుకున్నప్పుడు ముప్పై పుటలు చదివి, ఆగలేక, చివరికి వెళ్లి ఆమె ఎలా తప్పించుకుందో చూసుకున్నాను. తరవాత ఫోను తీసి ఆ గది ఫొటోల కోసం వెతికాను. గరాజు కింద సుమారు ఐదు చదరపు మీటర్ల గది అది. మన ఇళ్లలో సామాన్ల గది అంత. ఫొటోను వేళ్లతో పెద్దది చేసి, గోడకు ఏం తగిలించి ఉందో, అరల్లో ఏమున్నాయో చూశాను. అలా అరగంట గడిచాక గానీ నేను చేస్తున్న పని నాకు తెలిసిరాలేదు. కిటికీ లేని గదికి కిటికీ పెట్టి మరీ తొంగిచూస్తున్నాను. పుస్తకం మూసి, మళ్లీ ఏడాదికి గానీ తెరవలేదు. రెండోసారి మొదటి పుట నుంచి వరసగా, ఆమె చెప్పినంత, ఆమె చెప్పిన వేగంతో చదివాను. అప్పటికి గానీ అందులో ఏముందో నాకు అర్థం కాలేదు. కాబట్టి మీ సిగ్గు మీ ఒక్కరిదే కాదు.

‘పారిపోవచ్చు కదా’ అన్నది మనకు కొత్త ప్రశ్న కూడా కాదు. హనుమంతుడు వీపు మీద కూర్చోబెట్టుకుని తీసుకుపోతానంటే సీత ఎందుకు వెళ్లలేదని చిన్నప్పుడు మా అమ్మమ్మను అడిగాను. రామాయణంలో దానికి సీత చెప్పిన కారణాలన్నీ ఉన్నాయి, అమ్మమ్మకు అవన్నీ కంఠతా వచ్చు. అయినా ఆవిడ వాటిలో ఒక్కటీ చెప్పలేదు. ‘పది నెలలు ఆ చెట్టు కింద కూర్చుని రా, అప్పుడు అడుగు’ అంది. బియ్యంలో రాళ్లు ఏరుతూ, తల ఎత్తకుండా అంది. అప్పట్లో నాకది జవాబులా అనిపించలేదు.

ఇప్పుడు నటాషా కూర్చున్న చెట్టు ఎలాంటిదో చూడండి. 1998 మార్చి 2, వియన్నా. బడికి ఒంటరిగా నడిచి వెళ్లడం ఆమెకు అప్పుడప్పుడే అలవాటవుతోంది. తెల్ల వ్యాను పక్కన నిలబడ్డ మనిషి ఆమెను లోపలికి లాగేశాడు. పేరు వోల్ఫ్‌గాంగ్ ప్రిక్లోపిల్, సాంకేతిక నిపుణుడు. ఇరుగుపొరుగుకు నెమ్మదైన మనిషి. వియన్నాకు దాదాపు 25 కిలోమీటర్ల దూరంలో స్ట్రాస్‌హోఫ్ అనే చిన్న ఊళ్లో అతని ఇల్లు. ఆ గదికి దారి ఒక బీరువా వెనక నుంచి, పాకుతూ వెళ్లాల్సిన సందులోంచి, బరువైన తలుపు దాటి ఉంటుంది. మొదటి ఆరు నెలలు ఆమె ఆ గది దాటి బయటికి రాలేదు. మీ అమ్మానాన్నలు డబ్బు ఇవ్వడం లేదు, నువ్వు వాళ్లకు అక్కర్లేదు అని అతను చెప్పాడు. ఇంటి తలుపులకూ కిటికీలకూ పేలుడు పదార్థాలు అమర్చానన్నాడు. బయట ఎవరితోనైనా మాట్లాడితే ముందు వాళ్లను చంపుతానన్నాడు. పదేళ్ల పిల్లకు ఇవి అబద్ధాలని ఎవరు చెప్పాలి? చెప్పగలిగిన ఏకైక మనిషి కూడా అతనే.

ఇంకో సంగతి నన్ను చాలా కాలం వదల్లేదు. అతను ఏ రోడ్డు ప్రమాదంలోనో పోతే ఆమె ఆ గదిలోనే, ఎవరికీ తెలియకుండా, ఆకలితో చనిపోతుంది. అది ఆమెకు తెలుసు. అంటే తనను ఎత్తుకొచ్చినవాడు క్షేమంగా ఇల్లు చేరాలని ఆ పిల్ల రోజూ కోరుకోవాలి. ఇలాంటి స్థితికి మన భాషలోనే కాదు, ఏ భాషలోనూ మాట ఉందనుకోను.

మొదటి రాత్రి ఆమె ఏం చేసిందో మీరు చదివే ఉంటారు. తనను పడుకోబెట్టమని, కథ చెప్పమని అతన్నే అడిగింది. చాలామంది ఇక్కడే ఇబ్బంది పడతారు. నేను దీన్ని ఆ పుస్తకంలో అత్యంత తెలివైన క్షణాల్లో ఒకటిగా చూస్తాను. పదేళ్ల పిల్ల తన వయసును తనే తగ్గించుకుంది. నాలుగైదేళ్ల పాపగా మారితే ఆ రాత్రి గడుస్తుంది, ఆ మనిషి కూడా కాసేపు పిల్లను చూసుకునే పెద్దవాడిలా ప్రవర్తిస్తాడు. ఆమె అలా ఆలోచించి చేసిందని కాదు. ఒళ్లే దారి వెతుక్కుంది. తరవాత్తరవాత అతను తనను ‘ప్రభువు’ అని పిలవమంటే మాత్రం పిలవలేదు. ఆమె పేరు మార్చాడు, తిండి తగ్గించాడు, కొట్టాడు, సున్నం సిమెంటు మోయించాడు. ఒక దశలో ఆమె బరువు 38 కిలోలు. అయినా ఆ ఒక్క మాట ఆమె నోట రాలేదు. కొన్నిచోట్ల లొంగింది, ఒక చోట లొంగలేదు. ఎక్కడ లొంగాలో ఎక్కడ కూడదో ఆ గదిలో ఉన్న మనిషికి తెలిసినంతగా, దీపం కింద పుస్తకం పట్టుకున్న మనకు తెలియదు.

మీకు కోపం తెప్పించిన మంచు కొండల ఘట్టానికి వద్దాం. అక్కడి మరుగుదొడ్డిలో ఆమెకు ఒక స్త్రీ ఎదురైంది. నటాషా నోరు తెరిచి సాయం అడిగింది. ఆవిడ నవ్వి వెళ్లిపోయింది. ఆవిడ డచ్ పర్యాటకురాలు, జర్మన్ రాదు. ‘అరవచ్చు కదా’ అన్నారు మీరు. ఆమె అడిగింది, వినవలసిన చెవికి ఆ భాష రాలేదు. అన్నేళ్ల తరవాత ఒక్కసారి గొంతు పెగిలి, అదీ ఇలా ముగిస్తే, మళ్లీ నోరు తెరవడానికి ఎంత బలం కావాలో ఒక్క క్షణం ఊహించండి.

నిజానికి మన కోపానికి వేరే చిరునామా ఉంది. ఆమెను వ్యానులోకి లాగడం పన్నెండేళ్ల పాప ఒకరు చూసి చెప్పింది. పోలీసులు వందల సంఖ్యలో తెల్ల వ్యాన్ల యజమానులను కలిశారు. వాళ్లలో ప్రిక్లోపిల్ కూడా ఉన్నాడు. ఇంటి పనికి మట్టీ రాళ్లూ మోయడానికి వాడుతున్నానంటే నమ్మి వెళ్లిపోయారు. ఆ రోజు తానెక్కడ ఉన్నాడో చెప్పడానికి అతనికి సాక్షి లేడు. కొద్ది రోజులకే పోలీసు కుక్కల శిక్షకుడు ఒకరు అతని మీద అనుమానం ఉందని కబురు చేశారు. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఇదంతా 1998 ఏప్రిల్‌లో, ఆమె మాయమైన ఆరేడు వారాల్లోపే. ఈ నిర్లక్ష్యం 2008లో గానీ బయటపడలేదు. ఎనిమిదేళ్లలో ఆమెకు దొరికిన అవకాశాలను మనం వేళ్ల మీద లెక్కపెడతాం. బయట తుపాకులూ వాహనాలూ అధికారమూ ఉన్నవాళ్లు వదులుకున్న అవకాశాలను ఎందుకో అంత శ్రద్ధగా లెక్కపెట్టం.

పైగా ఆమె పారిపోయింది కూడా. పన్నెండేళ్ల వయసులో ఆమె ఒక ఒప్పందం చేసుకుంది, ఎవరితోనో కాదు, పద్దెనిమిదేళ్లు నిండిన తనతోనే. ఆ పెద్ద నటాషా చెయ్యి చాచి, నువ్వింకా చిన్నదానివి, నీకు పద్దెనిమిదేళ్లు వచ్చాక నేనొచ్చి నిన్ను తీసుకెళ్తాను అని మాట ఇచ్చినట్టు ఊహించుకుంది. 2006 ఫిబ్రవరిలో ఆమెకు పద్దెనిమిది నిండాయి. ఆగస్టు 23 మధ్యాహ్నం, ఒంటిగంట కావస్తుండగా, ప్రిక్లోపిల్ తన బండిని ఆమె చేత శుభ్రం చేయిస్తున్నాడు. అతనికి ఫోను వచ్చింది. వాక్యూమ్ క్లీనర్ మోతకు మాట వినిపించక నాలుగు అడుగులు పక్కకు వెళ్లాడు. ఆమె ఆ యంత్రాన్ని ఆపకుండానే వదిలేసి పరుగెత్తింది. మోత ఆగితే అతను తిరిగి చూస్తాడు కదా! దారిలో కనిపించినవాళ్లను పోలీసులను పిలవమంది, ఎవరూ పలకలేదు. చివరికి ఒక ముసలావిడ వంటింటి కిటికీ తట్టి తన పేరు చెప్పుకుంది. ఈ ఘట్టం మీరింకా చదవలేదు. ఇక్కడ నేను చెప్పేసినందుకు క్షమించండి, దాని సత్తా చెప్పడం వల్ల తగ్గేది కాదు.

అదే రోజు ప్రిక్లోపిల్ వియన్నాలో రైలు కింద పడి చనిపోయాడు. ఆమె ఏడ్చింది, నిజమే. పదేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఆమె జీవితంలో ఉన్న మనిషి అతనొక్కడే. అన్నం పెట్టినవాడూ అన్నం మాన్పించినవాడూ అతనే. ఆ ఏడుపుకు లోకం వెంటనే ‘స్టాక్‌హోమ్ సిండ్రోమ్’ (బంధించినవాడి మీదే బందీకి మమకారం కలగడం) అని పేరు పెట్టేసింది. ఆ మాట పుట్టుక తెలుసుకోవడం మంచిది. 1973లో స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో ఒక బ్యాంకు దోపిడీలో నలుగురు ఆరు రోజులు బందీలుగా ఉన్నారు. దొంగల కంటే పోలీసుల తీరుకే ఎక్కువ భయపడుతున్నామని వాళ్లన్నారు. దానికి పోలీసుల తరఫున పనిచేసిన మానసిక వైద్యుడు ఇచ్చిన వివరణ నుంచి ఈ పేరు వచ్చింది. అమెరికా మనోవైద్యుల అధికారిక రోగాల పట్టికలో ఇది లేదు. (ఆ దోపిడీ మొదలైన తేదీ కూడా ఆగస్టు 23. యాదృచ్ఛికమే, కానీ చదివినప్పుడు ఒళ్లు జలదరించింది.) నటాషా ఈ ముద్రను ఒప్పుకోదు. నా అనుభవానికి అర్థం చెప్పే హక్కును కూడా నా దగ్గర నుంచి లాక్కుంటున్నారు అన్నది ఆమె వాదన. ఇంత తీవ్రంగా ఇంత ప్రశాంతంగా వాదించిన పుటలు జ్ఞాపకాల పుస్తకాల్లో నేను ఎక్కువ చూడలేదు. నేను ఆమె పక్షమే.

మిగతా సగం చదవమనడానికి నా అసలు కారణం మాత్రం, ఆమె బయటపడ్డాక జరిగినదంతా. విడుదలైన కొద్ది రోజులకే ఆమె లోకానికి ఒక బహిరంగ లేఖ రాసింది. నా ఆంతరంగిక విషయాలు అడగకండి, చెప్పాలనిపిస్తే నేనే చెబుతాను అన్న అర్థం వచ్చేలా ఆ పద్దెనిమిదేళ్ల అమ్మాయి విలేకరులకు గీత గీసింది. సెప్టెంబరులో టీవీ ముందుకు వచ్చి నిదానంగా, పొందికగా మాట్లాడింది. మొదట అయ్యో అన్న జనం, మెల్లగా మొహం చిట్లించడం మొదలుపెట్టారు. ఇంత నిబ్బరంగా ఎలా ఉంది? ఏదో దాస్తోంది. ఇంత బాగా ఎలా మాట్లాడుతోంది? ఎత్తుకుపోయినవాడి ఇల్లు ఆమెకే దక్కిందట. బాధితురాలు కుప్పకూలి ఉండాలి, మనం లేవనెత్తాలి. తనంతట తాను లేచి నిలబడితే మనకు నచ్చదు. లంకలో పది నెలలు గడిపిన మనిషిని, బయటికి వచ్చాక నిప్పులో నిలబెట్టిన కథ వింటూ పెరిగిన మనకు ఆస్ట్రియా జనం తీరు మరీ వింతగా ఏమీ తోచదు.

పుస్తకంలో కూడా ఆమె కొన్ని విషయాలు చెప్పలేదు. చెప్పడం లేదని మీకు తెలిసేలాగే చెప్పలేదు. నేను మొదటిసారి చదివినప్పుడు ఆ ఖాళీలను ఫోనులో వెతికి పూరించబోయాను. మీరు ఆ పని చేయకండి. సగం మిగిలి ఉండగా పత్రికల్లో కథనాలు చదవకండి, దాని మీద తీసిన సినిమా చూడకండి. ఆమె ఒక తలుపు వేసిందంటే, జీవితంలో మొదటిసారి లోపలి నుంచి గడియ పెట్టుకునే అవకాశం ఆమెకు వచ్చిందన్నమాట.

మన దగ్గర ఇలాంటి పుస్తకాలు అరుదుగా కనిపిస్తాయి. లైంగిక నేరానికి గురైన పిల్లల పేరు, ఫొటో, గుర్తుపట్టే వివరాలు బయటపెట్టడం 2012 నాటి పోక్సో చట్టం 23వ సెక్షన్ ప్రకారం నేరం. మంచి చట్టం, ఆ గోడ ఉండాలి. దాని పక్కనే మనం కట్టుకున్న ఇంకో గోడ కూడా ఉంది. ‘కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది’ అన్న సామెత ఎవరి నోరు నొక్కడానికి ఎక్కువగా వాడతామో గమనించండి. నటాషాకు మొదటి గోడ దొరకలేదు, ఎనిమిదేళ్లుగా ఆమె ఫొటో దేశమంతా తెలుసు. అందుకే ఎవరెవరో చెప్పుకుంటున్న తన కథను తానే చెప్పాలని కూర్చుంది. ఇద్దరు పాత్రికేయురాళ్ల సహాయంతో రాసి 2010లో వెలువరించింది. ఆ పుస్తకంలో వినిపించే తర్కమూ, దూరం నిలబడి తనను తాను చూసుకోవడమూ కొందరికి చల్లగా, మనసు లేనట్టుగా అనిపిస్తాయి. నాకు అది మంటకు చేతులు కాలకుండా వాడే పటకారులా అనిపించింది.

ఒక హెచ్చరిక. ఇది పూర్తి చేశాక మీ ఆఫీసు ఆవిడ, ఇలాంటిదే ఇంకోటి ఉంది అంటూ అమెరికాకు చెందిన జేసీ డుగార్డ్ పుస్తకం తెచ్చి ఇవ్వవచ్చు. 1991లో పదకొండేళ్లప్పుడు కాలిఫోర్నియాలో ఆమెను ఎత్తుకుపోయారు. పద్దెనిమిదేళ్లు ఒక ఇంటి పెరట్లో ఉంచారు. ఆ మనిషి అప్పటికే పాత నేరానికి శిక్ష పడి, పెరోల్ మీద ప్రభుత్వ పర్యవేక్షణలో ఉన్నవాడు. అధికారులు ఆ ఇంటికి వచ్చిపోతూనే ఉన్నారు. 2009లో ఆమె బయటపడింది, ఆ రాష్ట్రం ఆమె కుటుంబానికి రెండు కోట్ల డాలర్ల పరిహారం ఇచ్చింది. ఆమె ఎవరి సహాయం లేకుండా, ఆ పదకొండేళ్ల పిల్ల గొంతుతోనే రాసింది, అత్యాచారాన్ని కూడా దాచకుండా రాసింది. గొప్ప ధైర్యం. పదేళ్ల కూతురున్న తల్లి, నిద్ర పట్టని ఈ రోజుల్లో దాన్ని చదవక్కర్లేదు. ఐదారేళ్లు ఆగండి, లేదా అసలు చదవకండి. ఒకరి సాక్ష్యాన్ని గౌరవించడానికి అందరి సాక్ష్యాలూ చదవాలన్న నియమం లేదు.

మీ అమ్మాయి సంగతి. మీ భయం సహజమే గానీ అది చూస్తున్న దిక్కు సరైనది కాదు. తెల్ల వ్యానులో వచ్చే అపరిచితుడు అరుదు, అందుకే ఆ కథ ప్రపంచమంతా తెలిసింది. మన దేశంలో ఏటా వచ్చే నేర గణాంకాలు చూడండి. పోక్సో కింద నమోదయ్యే అత్యాచారం కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితులు పిల్లలకు తెలిసినవాళ్లే. సందు చివరి దాకా చెయ్యి పట్టుకు నడిపించడం వల్ల వాళ్ల నుంచి రక్షణ రాదు. ‘ఇది అమ్మకు చెప్పకు’ అని ఎవరైనా అంటే, ముందు అమ్మకు చెప్పాల్సింది అదే అని పిల్లకు తెలియాలి. వాళ్లు ఇంటికి రోజూ వచ్చేవాళ్లైనా, మీ వైపు చుట్టాలైనా. పిల్లల సహాయం కోసం ఉన్న 1098 ఫోను నంబరు నోటికి రావాలి.

పుస్తకంలోంచి పిల్లకు చెప్పదగినది ఇంకొకటుంది. ఆ ఉదయం వ్యాను పక్కన మనిషిని చూడగానే నటాషాకు రోడ్డు దాటి అవతలి వైపు వెళ్లాలనిపించింది. వెళ్లలేదు. పెద్దవాళ్లను అనుమానించడం అమర్యాద అన్న బిడియం ఆ వయసు పిల్లలందరికీ ఉంటుంది, మనమే నేర్పుతాం కదా! ‘నీకు ఎందుకో బాగోలేదనిపిస్తే దారి మార్చు, వెనక్కి పరుగెత్తు, ఏ ఇంటి తలుపైనా కొట్టు. తరవాత ఏమీ లేదని తేలినా నిన్నెవరూ నవ్వరు, కోప్పడరు’ అని మీ అమ్మాయికి చెప్పండి. పుస్తకం గురించి అడిగితే దాచకండి. ఒక అమ్మాయిని చెడ్డవాడు చాలా ఏళ్లు బంధించాడు, ఆమె తప్పించుకుని వచ్చి ఆ కథ తనే రాసింది అంటే చాలు. పదేళ్ల పిల్లకు అంతవరకు అర్థమవుతుంది. ఆపైన అడగాలనుకుంటే అడుగుతుంది.

ఇక మీ వారి మాట. ఎవరి బాధనో నెత్తిన పెట్టుకోవద్దన్న దాంట్లో మీ మీద ప్రేమ ఉంది, కాదనను. కానీ ఆ పుస్తకంలో ఉన్నది బాధ ఒక్కటే అయితే నేను కూడా తిరిగి ఇచ్చేయమనేదాన్ని. ఆయనను కూడా చదవమనండి, కనీసం పోలీసుల గురించి ఉన్న భాగం.

వారం అయ్యాక మళ్లీ మొదలుపెట్టండి. పగటి పూట, ఒక అధ్యాయం, తరవాత ఏదైనా చేతి పని. చదవలేని పుట వస్తే తిప్పేయండి. ఆమె చెప్పని వాటి కోసం మాత్రం వెతకకండి. మొదట్లో ఒక చోట, ముందు రోజు అమ్మతో గొడవపడి, ఆ ఉదయం వెళ్లొస్తానని కూడా చెప్పకుండా ఆమె గడప దాటుతుంది. అది మీరు దాటి వచ్చేశారు, ఉత్తరంలో దాని ప్రస్తావన లేదు. నేను రెండుసార్లూ అక్కడే ఆగిపోయాను.

సోమవారం మీ అమ్మాయిని సందు చివరి దాకా ఒక్కతినే వెళ్లనివ్వండి. మీరు గేటు దగ్గర నిలబడవచ్చు, దానికేం. బస్సు కదిలాక లోపలికి వచ్చి, పై అరలోంచి పుస్తకం దించండి.